బాల్కన్ పైపు మిశ్రమం: ఒకే డబ్బా మీద ఇన్ని అభిప్రాయాలెందుకు?

నీలగిరివాసి (నల్లగొండ):

మిత్రులందరికీ నమస్కారం. లండన్‌లో ఉంటున్న మా బావమరిది ఈ మధ్య వచ్చినప్పుడు బాల్కన్ తరహా పైపు పొగాకు 50 గ్రాముల డబ్బా ఒకటి తెచ్చిచ్చాడు. దాని మీద లటాకియా, ఓరియంటల్, వర్జీనియా అని మూడు ఆకుల పేర్లున్నాయి గాని, ఏ ఆకు ఏ పాళ్లలో కలిపారన్నది రాయలేదు. కంపెనీ పేరు కావాలనే చెప్పడం లేదు, ఎందుకంటే మంచికైనా చెడుకైనా ఇక్కడ ఒకరి సరుకుకు ప్రచారం చేయడం నా ఉద్దేశం కాదు.

మా ఊళ్లో పైపు తాగేవాళ్లమే తక్కువ. ఉన్నవాళ్లమంతా ఆ డబ్బాలోంచే తలా ఇంత తీసుకున్నాం. సిగరెట్ నుంచి పైపుకు మారిన ఒకాయన నాలుగు దమ్ములు కూడా లాగకుండానే పక్కన పెట్టేసి, రోడ్డు తారు వాసన కొడుతోందన్నాడు. వయసులో ఉన్నప్పటి నుంచీ చుట్టకు అలవాటుపడ్డ పెద్దమనిషి ఒకరు, వాసన ఇంత ఘనంగా ఉంది గాని ఘాటు ఏదని అడిగారు. నాకు మాత్రం మొదట్లో లతీఫ్ సాహెబ్ గుట్ట మీద ఉర్సు రోజున కమ్ముకునే లోబాన్ పొగలా అనిపించి, పైపు గిన్నెలో నింపిన పొగాకు సగమయ్యేసరికి కొంచెం పుల్లగా, ఆఖరున కొంచెం తియ్యగా తేలింది. విదేశాల వాళ్లు ఇదే డబ్బా గురించి రాసినవి చదివితే అక్కడా ఇదే తంతు. ఒకరు జీవితాంతం ఇదొక్కటే చాలంటారు, ఇంకొకరు సబ్బు నమిలినట్టుందంటారు.

అనుభవం ఉన్నవాళ్లను అడగదలచుకున్నవి ఇవి. ఈ తేడా ఆకులో ఉందా, తాగేవాడిలో ఉందా? ఇంగ్లిష్ మిశ్రమం అని అమ్మే దానికీ బాల్కన్ అని అమ్మే దానికీ అసలు భేదం ఏమిటి? ఎండలు ముదిరితే ఇక్కడ తెరిచిన డబ్బా గతి ఏమిటి?

పాతపాలమూరు (మహబూబ్‌నగర్):

నీలగిరివాసి గారూ, నేను ఒంగోలు వైపు వేలం కేంద్రాల్లో ఆకు కొనే పని చేసి, రిటైరయ్యాక సొంత ఊరికి వచ్చినవాణ్ని. వర్జీనియా ఆకును చేత్తో పట్టుకుంటే గ్రేడు చెప్పగలను గాని, బాల్కన్ మిశ్రమాలతో పరిచయం మాత్రం ఉద్యోగం మానేశాక కలిగింది. ఆకు గురించి నాలుగు మాటలు చెప్తాను, అభిప్రాయభేదం ఎక్కడ పుడుతుందో మీకే అర్థమవుతుంది.

మూడింటిలో మనకు తెలిసింది వర్జీనియా. పచ్చి ఆకును బ్యారన్‌లో, అంటే ఆకు మగ్గబెట్టే కొట్టంలో వేలాడదీసి, గొట్టాల గుండా వేడి మాత్రమే పంపి మగ్గబెడతారు. ఆకులోని పిండి పదార్థం చక్కెరగా మారిన దశలో వేడి పెంచి ఆ చక్కెరను అక్కడే నిలిపేస్తారు. పసుపు రంగూ తీపీ ఆ పద్ధతి నుంచి వచ్చినవే. ఓరియంటల్ దానికి పూర్తిగా వేరు. గ్రీసు, టర్కీ, మాసిడోనియా, బల్గేరియా కొండవాలుల్లో, సారం తక్కువగా ఉన్న నేలల్లో, మొక్కలను ఒత్తుగా నాటి పెంచే చిన్నాకు అది. బస్మా లాంటి రకాల్లో ఆకు అరచేతికన్నా చిన్నదిగా ఉంటుంది. ఎండలోనే ఆరబెడతారు. నికోటిన్ తక్కువ, ఆకు మీది జిగురులో సువాసన మాత్రం ఎక్కువ. ఇజ్మీర్, సంసున్, క్సాంతి, ప్రిలెప్ అంటూ పెరిగిన చోటును బట్టి పేర్లు పెట్టుకున్నారు, వాటిలో దేనికదే గుణంలో వేరు. మీరు చెప్పిన పులుపు ఈ ఆకుదే.

ఇక గొడవంతా లటాకియాతోనే. లటాకియా అనేది సిరియాలో ఒక రేవు పట్టణం, ఆకుకు ఆ పేరే స్థిరపడింది గాని ఇప్పుడు మనకు దొరికే డబ్బాల్లో ఉండేది ఎక్కువగా సైప్రస్ దేశపు సరుకు. అది వేరే జాతి పొగాకు కాదు. ఓరియంటల్ ఆకునే ఎండబెట్టి, మూసిన కొట్టాల్లో గుత్తులుగా వేలాడదీసి, కింద పొదల కట్టెలు రగిల్చి, వారాల తరబడి ఆ పొగ పట్టిస్తే నల్లగా మారి లటాకియా అవుతుంది. సైప్రస్‌లో కాల్చే కట్టెల్లో ముఖ్యమైనది మన యునానీ దుకాణాల్లో అమ్మే రూమీ మస్తగీ అనే జిగురు ఏ జాతి పొద నుంచి వస్తుందో ఆ జాతి పొదే. దాంతోపాటు మిర్టిల్ పొద, సైప్రస్ అనే పేరున్న చెట్టు, పైన్ చెట్టు కట్టెలు కూడా వాడతారు. మీ ముక్కుకు లోబాన్ తగిలిందంటే మీ ముక్కు తప్పు చెప్పలేదు.

ఇక్కడ మా వృత్తిలో ఉన్న ఒక విశేషం చెప్పాలి. మన బ్యారన్లలో గొట్టానికి చిల్లి పడి కట్టెల పొగ ఆకుకు తగిలిందంటే, వేలంలో ఆ బేలు దగ్గర ఆగేవాడు ఉండడు. బొటనవేలితో ఆకును రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకొని, పొగ వాసన తగలగానే తర్వాతి బేలుకు నడిచిపోతాం. అలాంటి అలవాటుతో ఏళ్లు గడిపినవాడి చేతికి లటాకియా ఇస్తే మొదటిసారి ముఖం తిప్పుకోకుండా ఎట్లా ఉంటాడు? మనం ఏ గుణాన్ని లోపమని తీసేస్తామో, ఆ గుణానికే అక్కడ ధర కడతారు. మీ సిగరెట్ మిత్రుడి పరిస్థితీ ఇంచుమించు ఇదే. మన సిగరెట్లలో చాలామటుకు వర్జీనియా ఆకే ఉంటుంది కాబట్టి, పొగాకు అంటే ఆయనకు ఆ వాసనే.

రెండో ప్రశ్నకు నా సమాధానం: ఇంగ్లిష్ మిశ్రమంలో వర్జీనియా పునాదిగా ఉండి, లటాకియా, ఓరియంటల్ దానికి తోడుగా నిలుస్తాయి. బాల్కన్‌లో ఓరియంటల్ ముందుకు వచ్చి, లటాకియా దాని పక్కన సమంగా నడుస్తుంది, వర్జీనియా వెనక ఉండి మంటను నిలబెడుతుంది. అయితే దీనికి చట్టం లేదు, కొలత లేదు. ఒక తయారీదారు బాల్కన్ అన్నది పక్కవాడి లెక్కలో ఇంగ్లిష్ కావచ్చు. మీ డబ్బాలో ఏది ఎక్కువో తెలుసుకోవాలంటే చిటికెడు పొగాకును తెల్ల పింగాణీ ప్లేటులో పరిచి, మూడు రంగులను సూదితో విడదీయండి. నల్లటి పోగులు లటాకియా, నిమ్మపండు రంగువీ తేనె రంగువీ వర్జీనియా, ఆకుపచ్చ ఛాయ ఉన్న లేత గోధుమ రంగువి ఓరియంటల్. రంగును బట్టి మాత్రమే అంతా తేలదు, ఎందుకంటే నొక్కి మగ్గబెట్టిన వర్జీనియా కూడా ముదురుగా కనిపిస్తుంది. దాన్ని వాసన చూసి వేరు చేయాలి.

మిర్యాల (మిర్యాలగూడ):

పాతపాలమూరు గారు ఆకు గురించి చెప్పినదాంతో నాకు పేచీ లేదు, బాల్కన్ నిర్వచనంతో ఉంది. ఓరియంటల్ ముందుండాలి అంటున్నారు సరే, కాని ఇవాళ బాల్కన్ పేరుతో అమ్ముతున్న డబ్బాల్లో నేను చూసినవాటిలో చాలామటుకు ముందుండేది లటాకియాయే. ఆ నల్ల ఆకు పాలు ఒక హద్దు దాటిందంటే, దాని వెనక క్సాంతి పోసినా ఒకటే, ఇజ్మీర్ పోసినా ఒకటే, నాలుకకు తేడా తెలియదు. ఖరీదైన ఓరియంటల్‌ను తగ్గించి, పొగ వాసనతో ఆ లోటును కప్పిపుచ్చడానికి ఇది చక్కగా పనికొస్తుంది. నీలగిరివాసి గారి మిత్రుడు తారు వాసన అన్నాడంటే ఆయనకు పొగాకు తెలియక అన్నాడని నేననుకోను.

ఇంకో మాట. ఈ తరహాకు ఇంత కీర్తి రావడానికి కారణం ఒకే ఒక్క మిశ్రమం. లండన్‌లో 1879లో మొదలైన సొబ్రానీ సంస్థ వారి బాల్కన్ సొబ్రానీ అది. తెల్ల డబ్బాలో వచ్చేది ఒకటి, లటాకియా దట్టించి 759 అనే అంకెతో వచ్చేది ఇంకొకటి. ఆ సంస్థ 1980లలో గాలహర్ అనే పొగాకు కంపెనీ చేతికి వెళ్లింది, తర్వాత కొంతకాలానికి ఆ మిశ్రమం తయారీ ఆగిపోయింది. 2011లో జెర్సీ ద్వీపంలోని జర్మెయిన్ సంస్థ అదే పేరుతో మళ్లీ తయారు చేసింది. మధ్యలోని ఖాళీ కాలంలో పాత డబ్బాలను దాచుకున్నవాళ్లు వాటిని నగల్లా చూసుకుంటూ, కొత్తగా వచ్చిన ప్రతిదాన్నీ వాటితో పోల్చి తీసిపారేశారు. పాతిక ముప్పై ఏళ్లు మూసిన డబ్బాలో నిలవ ఉన్న ఆకునూ, నిన్న ప్యాక్ చేసిన ఆకునూ పక్కపక్కన పెట్టి, అప్పటి పనితనం ఇప్పుడు లేదని తీర్పు చెప్పడం న్యాయం కాదు. విదేశీ సమీక్షల్లో సగం తగాదా ఇదే, మన నల్లగొండ డబ్బాకు దానితో సంబంధం లేదు.

నా మటుకు నేను వర్జీనియా నొక్కి బిళ్లలుగా కోసిన పొగాకే తాగుతాను. లటాకియా తాగిన పైపులో ఆ తర్వాత ఏది నింపినా లటాకియా వాసనే వస్తుంది. అలాంటి మొండి వాసనను బహుముఖమైన రుచి అని పొగడడం నాకు చేతకాదు.

కందనూలు సారు (నాగర్‌కర్నూల్):

రసాయన శాస్త్రం పాఠాలు చెప్పి విరమణ చేసినవాణ్ని కాబట్టి, చుట్టకు అలవాటుపడ్డ పెద్దమనిషి అడిగిన ప్రశ్న నన్ను ఆకర్షించింది. వాసన అంత దట్టంగా ఉండి ఘాటు లేకపోవడం ఆయన భ్రమ కాదు. మనిషి తలకు ఎక్కే ఘాటు నికోటిన్‌ది, ముక్కుకు తగిలే వాసన కట్టెల పొగలోని ఫినాల్ జాతి పదార్థాలది. ఈ రెంటికీ సంబంధం లేదు. లటాకియాలో, ఓరియంటల్‌లో నికోటిన్ తక్కువ. పైగా చుట్ట పొగ క్షార గుణం కలది, చక్కెర ఉన్న వర్జీనియా పొగ ఆమ్ల గుణం వైపు ఉంటుంది. క్షార పొగలోని నికోటిన్ నోటి లోపలి పొర ద్వారానే తొందరగా రక్తంలో కలుస్తుంది, ఆమ్ల పొగలోనిది అంత సులభంగా కలవదు. అందుకే చుట్ట తాగేవారికి ఇది నీళ్ల మజ్జిగగా తోస్తుంది, సిగరెట్ తాగేవారికి వాసనను బట్టి మహా ఘాటైనదన్న అపోహ కలుగుతుంది. ఒకే డబ్బా మీద రెండు వ్యతిరేకమైన తీర్పులు వచ్చినా రెండింటికీ ఆధారం ఉంది.

సబ్బు రుచి సంగతి. ఆ మాట వాడేవాళ్లు తరచూ వేగంగా లాగుతున్నవాళ్లో, తడి ఎక్కువగా ఉన్న పొగాకు నింపినవాళ్లో అయి ఉంటారని నా అనుమానం. కొన్ని తయారీల్లో వాసన కోసం ఆకుకు పైపూత ద్రవ్యాలు కలుపుతారన్నదీ నిజమే, ఆ విషయం డబ్బా మీద ఉండదు. కాని ముందుగా చూడవలసింది తడి. విదేశాల నుంచి వచ్చే డబ్బాలు చాలామటుకు తడిగానే ఉంటాయి. తడి ఆకు వెలిగించి ఆరిపోకుండా ఉండాలని గబగబా లాగితే, గిన్నెలో ఆవిరి పుట్టి నాలుక చురచురలాడుతుంది, ఓరియంటల్‌లోని సున్నితమైన సువాసనలన్నీ ఆ వేడిలోనే పోతాయి, మిగిలేది లటాకియా పొగ మాత్రమే. మిర్యాల గారు లటాకియా మిగతా అన్నింటినీ కప్పేస్తుందని అన్నారు. కప్పేసే మాట నిజమే గాని, ఎంత కప్పేస్తుందన్నది సగం తాగేవాడి చేతిలో ఉంది.

రెండు వేళ్ల మధ్య చిటికెడు నొక్కి వదిలితే ముద్దలా అంటుకోకుండా, పొడిగా విరగకుండా, మెల్లగా విచ్చుకోవాలి. అదే సరైన తడి. మన ఎండాకాలంలో దీని కోసం ప్రత్యేకంగా ఆరబెట్టాల్సిన పని కూడా ఉండదు, కాగితం మీద పరిచి కాసేపు వదిలితే చాలు, ఇంకా మర్చిపోతే గలగలమనే దశకు వస్తుంది. తెరిచిన డబ్బాను అలాగే ఉంచవద్దు. రబ్బరు వాషరున్న గాజు సీసాలోకి మార్చి, వెలుతురు తగలని అలమరలో పెట్టండి. ఎండిపోయిందని తడి బంగాళాదుంప ముక్కో, నిమ్మ తొక్కో వేసే పాత పద్ధతి మాత్రం వద్దు, బూజు పడుతుంది.

ఇంతా చెప్పి ఒక మాట చెప్పకుండా ఉండడం నా వృత్తికి తగదు. పొగ లోపలికి పీల్చకపోతే ఏమీ కాదనే నమ్మకం పైపు తాగేవాళ్లలో గట్టిగా ఉంది. నోటికీ గొంతుకూ క్యాన్సర్ రావడానికి పొగ నోట్లో నిలవడమే చాలు. ఓరియంటల్‌లో నికోటిన్ తక్కువన్న మాటను ఆరోగ్యానికి మేలన్న అర్థంలో ఎవరూ తీసుకోవద్దు.

సూర్యాపేట బాటసారి:

నేను ఇలాంటి మిశ్రమాన్ని మక్క బెండుతో చేసిన పైపులో తాగుతాను. మామూలుగా వాడే బ్రయర్ కట్టె పైపులో కన్నా అందులో లటాకియా మెత్తబడినట్టు నాకనిపిస్తుంది. వాసన పట్టేసిందన్న బెంగ కూడా లేదు, ఎందుకంటే ఆ పైపు చవక, దాన్ని ఈ ఒక్క పొగాకుకే వదిలేశాను. చలికాలం తెల్లవారుజామున తప్ప మిగతా రోజుల్లో ముట్టను, ఎండాకాలంలో ఈ వాసన నాకే బరువనిపిస్తుంది. ఇంట్లోవాళ్ల అభిప్రాయం అడగకండి. వాళ్ల లెక్కలో బాల్కన్ అయినా, ఇంగ్లిష్ అయినా పెరటి గోడ అవతలికి పోవలసిందే.

నీలగిరివాసి (నల్లగొండ):

అందరికీ ధన్యవాదాలు. పాతపాలమూరు గారు చెప్పినట్టు ప్లేటులో పరిచి, ఇంట్లో పిల్లలు నవ్వుతుండగా సూదితో విడదీశాను. నల్ల పోగులే అన్నింటికన్నా ఎక్కువ కుప్పయ్యాయి, అయితే వాటిలో కొన్నింటిని వాసన చూస్తే పొగ వాసన లేదు, ఎండిన ఖర్జూరం లాంటి తియ్యటి వాసన వచ్చింది. అవి మగ్గబెట్టిన వర్జీనియా అయి ఉంటాయని వేరుగా తీస్తే, లటాకియా, ఓరియంటల్ కుప్పలు ఇంచుమించు సమానంగా తేలాయి. అంటే నిర్వచనం విషయంలో నా డబ్బా మటుకు పాతపాలమూరు గారి మాటకే దగ్గరగా ఉంది.

కందనూలు సారు చెప్పిన తడి సంగతి కూడా చూశాను. నొక్కితే ముద్దగానే ఉంది. కాగితం మీద కాస్త ఆరనిచ్చి, తొందరపడకుండా తాగితే పులుపు మొదటి సగంలోనే స్పష్టంగా తెలిసింది. చుట్ట పెద్దమనిషి కారణం విని తృప్తి పడ్డారు, కాని చుట్ట మానలేదు. సిగరెట్ మిత్రుడికి ఆరబెట్టిన పొగాకు ఇస్తే, ఇప్పుడు తారు వాసన తగ్గి తోలు వాసన వస్తోందని, తనకు రెండూ వద్దని చెప్పాడు.

మిగిలిన ప్రశ్న ఒక్కటే. మా బావమరిది మళ్లీ వచ్చేటప్పుడు ఇంకొన్ని డబ్బాలు తెస్తానంటున్నాడు. 2016 నాటి బ్యాగేజీ నిబంధనల్లో సుంకం లేకుండా 125 గ్రాముల పొగాకు తేవడానికి వీలుండేది, ఇప్పటి హద్దు ఎంతో చూసుకొని రెండు డబ్బాలు తెమ్మంటాను. వాటిని తెరవకుండా ఏళ్ల తరబడి దాచడంలో ప్రయోజనం ఉందా?

మిర్యాల (మిర్యాలగూడ):

వర్జీనియా డబ్బా అయితే దాచమంటాను, ఎందుకంటే కాలం గడిచేకొద్దీ ఆ ఆకులోని పదునైన అంచులు అరిగి రుచి గుండ్రంగా మారుతుంది. లటాకియా అలా కాదు. దాని గొప్పతనమంతా ఆ పొగ వాసనలోనే ఉంది, ఏళ్లు గడిచేకొద్దీ అది నెమ్మదిస్తుంది. పాత సొబ్రానీ డబ్బాలు అంత మృదువుగా ఉన్నాయని జనం చెప్పుకోవడానికి ఇది ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం. లటాకియా తగ్గితేనే ఆ మిశ్రమం బాగుందంటున్నారంటే, మొదట్లోనే తక్కువ కలిపి ఉండవలసిందని నేను మొదటి నుంచీ చెప్తున్నదే కదా.

పాతపాలమూరు (మహబూబ్‌నగర్):

మిర్యాల గారు గెలిచే దారి భలే వెతికారు. అయితే లటాకియా తగ్గడం ఒక్కటే అక్కడ జరిగేది కాదు. ఆ కాలంలోనే వర్జీనియా చక్కెర మారుతూ, ఓరియంటల్ వాసన ఆ రెంటితో కలిసిపోతుంది. మొదటే లటాకియా తక్కువ వేస్తే, పదేళ్ల తర్వాత అసలు లేనట్టే ఉంటుంది, అప్పుడు అది బాల్కనూ కాదు, ఇంగ్లిషూ కాదు. తయారీదారు ఎక్కువ పాలు వేసేది కొంతవరకు ఈ తరుగును దృష్టిలో పెట్టుకొనే అయి ఉంటుందని నా అంచనా.

నీలగిరివాసి గారూ, రెండు డబ్బాలు వస్తే ఒకటి తెరిచి వాడండి, రెండోది మూత కదల్చకుండా ఇంట్లో అన్నింటికన్నా చల్లగా ఉండే గదిలో, కింది అరలో పెట్టండి. నల్లగొండ ఎండకు రేకుల కప్పు కింద గాని, పడమటి గోడ అలమరలో గాని పెడితే వేడికి డబ్బాలోని గాలి ఉబ్బి సీలు వదులవుతుంది, ఆ తర్వాత లోపలి ఆకు మగ్గదు, ఎండుతుంది. తేదీ రాసి చీటీ అంటించడం మాత్రం మర్చిపోకండి. ఇంకో సంగతి, మీ సిగరెట్ మిత్రుడిని ఒప్పించే ప్రయత్నం మానుకోండి. ఆయనకు లటాకియా లేని, వర్జీనియా, ఓరియంటల్ మాత్రమే కలిసిన మిశ్రమం దొరికితే ఇవ్వండి. ఆయన వద్దన్నది పొగాకును కాదు, పొగ పట్టిన ఆకును.